బేగంపేట గుమ్మం

2008 మార్చి 22 అర్ధరాత్రితో బేగంపేట విమానాశ్రయంలో మామూలు ప్రయాణికులు ఎక్కే విమానాలు ఆగిపోయాయి. తెల్లారితే అంతా శంషాబాదే. మూతపడిన విమానాశ్రయం గురించి ఎవరు రాసినా రన్‌వే పొడవు రాస్తారు, వచ్చిపోయిన పెద్దల పేర్లు రాస్తారు. అవి నేనూ రాస్తాను, వాటి చోటు వాటిది. అయితే సుమారు పాతికేళ్లు అక్కడ ఇండియన్ ఎయిర్‌లైన్స్ కౌంటరులో కూర్చున్నదాన్ని. బేగంపేట అంటే నాకు ముందు గుర్తొచ్చేది గుమ్మం బయట నిలబడ్డ జనం. విమానం ఎక్కేది ఒక్కరైతే సాగనంపడానికి ఇరవై మంది వచ్చేవాళ్లు. ఆ ఇరవై మంది చరిత్ర ఎక్కడా కాయితం మీదికి ఎక్కలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో ఈ కథ నాకంటే ముందే మొదలైంది. మా నాన్న డెక్కన్ ఎయిర్‌వేస్‌లో హెల్పరుగా చేరి, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో మెకానిక్‌గా రిటైరయ్యారు. మా ఇల్లు రసూల్‌పురాలో. రన్‌వే తూర్పు పడమరలుగా ఉండేది, తూర్పు కొస మా వైపు, పడమటి కొస ఫతేనగర్, బాలానగర్ వైపు. ఇంటి మీదుగా విమానం పోతుంటే మాట్లాడుతున్నవాళ్లు మాట ఆపి, అది దాటాక మళ్లీ అక్కడి నుంచే అందుకునేవాళ్లు. చప్పుడు విని నాన్న పేరు చెప్పేసేవారు: ఇది డకోటా, ఇది ఫోకర్, ఇది అవ్రో. నాకు ఊహ తెలిసేసరికి బోయింగులు కూడా వచ్చేశాయి.

బేగంపేటలో విమానాలు మొదలైంది 1930లలో. నిజాం ప్రభుత్వం అండతో ఏర్పడిన ఏరో క్లబ్బే దానికి మూలం. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు విమానాల మీద పెట్టుబడి అప్పటికి కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలోనే బ్రిటిష్ వైమానిక దళానికి ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా విమానాలు ఆయన బహుమతిగా ఇచ్చాడు. ఆ 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే పెట్టారు. రెండో యుద్ధంలో ఇంకో రెండు స్క్వాడ్రన్లు మన ఊరి పేరు మోశాయి. అంటే హైదరాబాద్‌లో సామాన్యుడు విమానం దగ్గరగా చూడకముందే హైదరాబాద్ పేరున్న విమానాలు ఐరోపా ఆకాశంలో యుద్ధం చేశాయి. ఆ డబ్బు మన రైతులు కట్టిన శిస్తుల్లోంచి పోయింది. అందుకని ఆ పేరు చూసి పొంగిపోవడం నాకు చేతకాదు.

1937లో బేగంపేటలో టెర్మినల్ కట్టారు. అది ఉత్తరం వైపు, బోయినపల్లి దిక్కున ఉండేది. తర్వాత రోజుల్లో దాన్నే పాత ఎయిర్‌పోర్టు అన్నారు, ఆ దారికి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్ అన్న పేరు ఇప్పటికీ ఉంది. రెండో యుద్ధంలో ఇక్కడ పైలట్లకు తొలి పాఠాలు నేర్పే బడి నడిచింది, టైగర్ మాత్ అనే రెండు రెక్కల అంతస్తుల చిన్న విమానాల మీద. మైదానం పక్కనే ఇంకో పాత భవనం ఉంది. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది అక్కడే. నాన్న సైకిల్ మీద నన్ను కూర్చోబెట్టుకుని రెండూ చూపించారు. రాస్ గురించి ఆయనకు బాగా తెలుసు, ఎందుకంటే మా పేటలో దోమలు తక్కువేం కాదు.

డెక్కన్ ఎయిర్‌వేస్ 1945లో పుట్టింది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన సంస్థ. యుద్ధం అయిపోయాక మిగిలిన డకోటాలు చవగ్గా దొరికాయి, వాటితోనే 1946 నుంచి మద్రాసు, నాగపూర్, ఢిల్లీ వైపు సర్వీసులు నడిపారు. నాన్న చేరింది ఆ డకోటాల షెడ్డులోనే. నేల మీద నిలబడ్డప్పుడు డకోటా ముక్కు పైకెత్తి, తోక కిందకి వాల్చి ఉంటుంది. సీట్లలోకి పోవాలంటే లోపల ఎగువకు నడిచినట్టు నడవాలి. అందులో మొదటిసారి ఎక్కిన ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, సీటు సీటూ ఆసరా చేసుకుని ఎక్కేవాళ్లని నాన్న చెప్పేవారు.

ఆ సంస్థ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ప్రేమ్ మాథుర్‌ను ఉద్యోగంలోకి తీసుకోవడం. ఆవిడ 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. దేశంలో ఆ లైసెన్సు పొందిన మొదటి మహిళ ఆవిడే. ఆడది నడిపితే ప్రయాణికులు భయపడతారని కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి కాదన్నాయి. డెక్కన్ ఎయిర్‌వేస్ మాత్రం కో పైలట్‌గా తీసుకుంది. 1949లో కలకత్తాలో జరిగిన జాతీయ విమాన పోటీలో ఆవిడే గెలిచింది. ఇంతా జరిగాక కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు అడిగితే ఇవ్వలేదు. ఆవిడ ఇక్కడి నుంచి వెళ్లిపోయి బిర్లాల సొంత విమానం నడిపింది, తర్వాత ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు వచ్చింది. నేను కౌంటరులో చేరిన కొత్తలో కాక్‌పిట్‌లో ఆడపిల్లలు ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. బేగంపేట నుంచి ఆ దారి వేసిన మనిషి పేరు ఆ విమానాశ్రయంలో ఏ గది తలుపు మీదా నాకు కనిపించలేదు. ఆ లోటు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

1948 వేసవిలో ఇంకో రకం విమానాలు ఈ రాజ్యంలో దిగాయి. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి రాత్రిపూట ఆయుధాలు తెచ్చి నిజాంకు చేరవేశాడు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, అయిదు రోజుల్లో అంతా తేలిపోయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సర్దార్ పటేల్ హైదరాబాద్ వచ్చినప్పుడు నిజాం బేగంపేటకు ఎదురువెళ్లి నమస్కరించిన ఫొటో మన పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది. ఎవరికీ ఎదురువెళ్లే అలవాటు లేని రాజు ఎదురువెళ్లిన చోటు కూడా ఇదే. 1953 ఆగస్టు 1న డెక్కన్ ఎయిర్‌వేస్‌తో కలిపి ఎనిమిది సంస్థలను ఒక్కటి చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పాటు చేశారు. నాన్న టోపీ మీద బిళ్ల మారింది, షెడ్డు అదే, పనిముట్లు అవే. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌ను కూడా హైదరాబాద్‌లోనే పెట్టడంతో దేశంలోని నలుమూలల నుంచి పైలట్లు పాఠాలకు ఇక్కడికే వచ్చేవాళ్లు.

1972లో దక్షిణం వైపు, ఇప్పటి మెయిన్ రోడ్డు మీదికి కొత్త టెర్మినల్ వచ్చింది. నేను చెప్పే గుమ్మం దానిదే. ఒక పక్క ప్రకాశ్ నగర్, ఎదురుగా బస్సులు పరుగెత్తే రోడ్డు, నాలుగడుగులు నడిస్తే ఇరానీ చాయ్. పంజాగుట్ట నుంచి ప్యారడైజ్ పోయే సిటీ బస్సు ఎక్కి 'ఎయిర్‌పోర్ట్' అని టిక్కెట్టు తీసుకుని దిగి, నడుచుకుంటూ లోపలికి రావచ్చు. పెట్టె నెత్తిన పెట్టుకుని అలా నడిచొచ్చిన వాళ్లకు నేను బోర్డింగ్ కార్డులు ఇచ్చాను.

తెలుగువాళ్ల రాజకీయం మలుపు తిరిగింది కూడా ఈ గుమ్మం లోపలే. 1982 ఫిబ్రవరిలో రాజీవ్ గాంధీ వస్తున్నాడని ముఖ్యమంత్రి టంగుటూరి అంజయ్య బాజాలతో, దండలతో జనాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అంత హంగామా ఏమిటని రాజీవ్ అందరి ముందే ఆయన్ని మందలించాడు. అంజయ్య ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా బతుకు మొదలుపెట్టి, కార్మిక నాయకుడై, ముఖ్యమంత్రి దాకా వచ్చినవాడు. ఆ నెల తిరగకుండానే ఆయన పదవి పోయింది. మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టాడు. తెలుగువాడి ఆత్మగౌరవం అన్నప్పుడల్లా జనం కళ్ల ముందు మెదిలింది బేగంపేటలో జరిగిన ఆ అవమానమే. 1983 జనవరికల్లా ప్రభుత్వం మారింది. నేను ఆ ఏడే ఉద్యోగంలో చేరాను. ఆ రోజు డ్యూటీలో ఉన్న పెద్దవాళ్లు ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పేవాళ్లు. పార్టీలు ఏవైనా, అంజయ్య గురించి మాత్రం అందరూ నొచ్చుకున్నారు. దండలు తేవడంలో ఆయన చేసిన నేరం నాకు ఇప్పటికీ కనబడదు. సాగనంపడానికి, ఎదుర్కోవడానికి మందిని వెంటబెట్టుకుని పోవడం మన ఊళ్ల పద్ధతి. ఆయన తన ఊరి పద్ధతిలోనే వచ్చాడు.

ఇక ఆ పద్ధతి గురించే చెప్పాలి.

నేను చేరినప్పుడు పని అంతా చేత్తోనే. టిక్కెట్టు అంటే ఎర్ర కార్బన్ రాసిన కాయితాల చిన్న పుస్తకం, ఏ మజిలీకి ఆ కాయితం చింపుకోవాలి. సీట్ల అట్ట మీది స్టిక్కరు ఊడదీసి బోర్డింగ్ కార్డుకు అంటించాలి. సామాను ముల్లు తిరిగే కాటా మీద పెట్టాలి. ఆ ముల్లు చుట్టూ ఎన్ని బతిమాలటాలు నడిచాయో! ఆవకాయ సీసాలు, పాత చీరల్లో చుట్టిన సకినాలు, కారప్పొడి, నువ్వుల లడ్డూలు. నూనె కారుతుందని పక్కన పెట్టించిన పచ్చడి డబ్బాను సాగనంప వచ్చినవాళ్లు అక్కడే మూత తీసి, తలా కాస్త అరచేతిలో వేసుకుని తిన్నారు, ఊరికి తిరిగి మోసుకుపోవడం ఎందుకని.

గల్ఫ్‌కు పోయేవాళ్లు మొదట్లో హైదరాబాద్ నుంచి నేరుగా పోయే వీలు లేక బొంబాయి దాకా పోయి అక్కడ ఎక్కేవాళ్లు. ఏజెంటు పెట్టిన బసలో ఆరేడు మందికి ఒక గది, వీసా వచ్చేదాకా ఎదురుచూపులు. హైదరాబాద్ నుంచి సూటిగా సర్వీసులు పెరిగాకనే మా గుమ్మం ముందు అసలు జాతర మొదలైంది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి బయలుదేరిన బస్సులు సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్‌లో ఆగుతాయి. అక్కడి నుంచి బేగంపేట ఆటోలో కాసేపటి దారి. ఆ దగ్గరతనం వల్లే ఊరు ఊరంతా వచ్చేది. ముందురోజు సాయంత్రమే దిగి, టెర్మినల్ బయట చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని, సద్దిమూటలు విప్పుకుని, తెల్లవారుజాము విమానం దాకా అక్కడే ఉండేవాళ్లు.

ఎంబార్కేషన్ కార్డు నింపడం చాలామందికి చేతనయ్యేది కాదు. కౌంటరు దాటి ఇవతలికొచ్చి నేను నింపేదాన్ని. ఒక తల్లి నా చెయ్యి పట్టుకుని, "అవ్వా, గా కాయిదంల నా కొడుకు పేరు మంచిగ రాయి, ఆడ దిగినంక ఎవ్వలన్న సదువుతరు గద" అంది. పేరు తప్పుపోతే మనిషి తప్పిపోతాడని ఆవిడ భయం. ఆవిడ కొడుక్కి పద్దెనిమిది, పందొమ్మిది ఏళ్లు ఉంటాయేమో, కొత్త ప్యాంటు, కొత్త చెప్పులు. దుబాయిలో ఏం పని అని అడిగితే, "పోయినంక చెప్తరట మేడం" అన్నాడు. 1983 నాటి వలస చట్టం ప్రకారం చదువు తక్కువున్నవాళ్ల పాస్‌పోర్టు మీద ప్రత్యేకంగా ముద్ర వేసేవాళ్లు, వాళ్లు పోవాలంటే విడిగా అనుమతి కావాలి. ఆ ముద్ర ఉన్న పాస్‌పోర్టులు ఆ క్యూలో ఎన్ని చూశానో చెప్పలేను. కడప జిల్లా రాయచోటి, రాజంపేటల నుంచి, కోనసీమ నుంచి ఇళ్లపనికి కువైట్ పోయే ఆడవాళ్లు కూడా అందులో ఉండేవాళ్లు. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి పోయేవాళ్లు వాళ్లు. బయట చంటిపిల్ల ఏడుపు వినబడుతుంటే లోపల ఆ తల్లి వెనక్కి తిరగకుండా నిలబడి ఉండేది. తిరిగితే ఇక పోలేనని ఆమెకు తెలుసు.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అమ్మాన్ నుంచి లక్షమందికి పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో మనవాళ్లు ఎక్కువగా బొంబాయిలో దిగి, రైళ్ల మీద, మా విమానాల మీద ఇల్లు చేరారు. వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టెలు లేవు. ఒకాయన దగ్గర ప్లాస్టిక్ సంచీ, అందులో ఒక తువ్వాలు. సంవత్సరాల సంపాదన అక్కడి బ్యాంకులో ఉండిపోయింది. అప్పు తీరకముందే తిరిగొచ్చిన మనిషిని ఎదుర్కోవడానికి గుమ్మం దగ్గర భార్య నిలబడి ఉంది. ఆవిడ ముఖంలో సంతోషం తప్ప నాకు మరేమీ కనిపించలేదు.

ఆ తర్వాత పదేళ్లకు క్యూలో ముఖాలు మారాయి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చేసి, చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు మొక్కుకుని అమెరికా పోయే పిల్లలు. వీళ్లకు కార్డులు నింపాల్సిన అవసరం లేదు. కానీ గుమ్మం బయట అదే పద్ధతి. రెండు మూడు టాటా సుమోలు, దండలు, కుంకుమ, దిష్టి తీసి కొట్టిన కొబ్బరికాయ, పగిలిన గుమ్మడికాయ. ఊడ్చేవాళ్లు తెల్లారి చూసి గొణుక్కునేవాళ్లు. గుంటూరు నుంచి వచ్చిన తాతగారు ఒకాయన అద్దానికి ముక్కు ఆనించి, మనవడు సెక్యూరిటీ దాటి మరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. దుబాయి పోయే కూలీ తండ్రి, డల్లాస్ పోయే ఇంజనీరు తాత అదే అద్దం దగ్గర పక్కపక్కన నిలబడ్డారు. మన సమాజంలో ఆ ఇద్దరూ భుజం భుజం తగిలేలా నిలబడే చోట్లు ఎన్ని ఉన్నాయని? అది బేగంపేటకే సాధ్యమైందని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే అది ఊరి మధ్యన ఉంది, ఎవరైనా రాగలిగేటంత దగ్గరగా ఉంది.

అలాగని శంషాబాద్ అవసరం లేదని నేను అనను. చివరి రోజుల్లో బేగంపేట దేశంలో ఆరో రద్దీ విమానాశ్రయం. ఒక్కటే రన్‌వే, మూడు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, దాన్ని కూడా వైమానిక దళంతో పంచుకోవాలి. నలువైపులా ఇళ్లు, పొడిగిద్దామంటే అంగుళం చోటు లేదు. విమానాలు నిలపడానికి జాగా చాలక పైన చక్కర్లు కొట్టించేవాళ్లు. దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు, అంతర్జాతీయానికి రాజీవ్ పేరు పెట్టి రెండుగా విడదీసినా, రెండింటిలోనూ ఊపిరి ఆడేది కాదు. సాయంత్రం పూట చెకిన్ వరుస తలుపు దాటి రోడ్డు మీదికి వచ్చేది. శంషాబాద్‌లో 5,495 ఎకరాలు, 4,260 మీటర్ల రన్‌వే, మొదటి దశలోనే ఏడాదికి 1.2 కోట్ల మందికి చోటు. ఆ లెక్కల ముందు నా అభిమానం నిలబడదు, నిలబడాలని కోరుకోను కూడా.

నా అభ్యంతరం వేరే. కొత్తది తెరవాలంటే పాతది పూర్తిగా మూసేయాలన్న షరతు ఇంజనీర్లు పెట్టింది కాదు, ఒప్పందం పెట్టింది. 2004లో కుదిరిన ఒప్పందం అది. ప్రైవేటు పెట్టుబడి రావాలంటే పోటీ ఉండకూడదు. కొత్త విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపల ఇంకొకటి రాకుండా కూడా అందులోనే రాసుకున్నారు. అప్పట్లో దాన్ని కట్టిన జీఎమ్మార్‌కు 63 శాతం వాటా, మలేసియా సంస్థకు 11, కేంద్ర ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13, రాష్ట్రానికి 13. విజయవాడ, తిరుపతి, రాజమండ్రి పోయే చిన్న విమానాలనైనా బేగంపేట నుంచి నడపనివ్వమని చాలామంది అడిగారు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు హైదరాబాద్, బెంగళూరు పాత విమానాశ్రయాలు మూయొద్దని దేశమంతటా సమ్మె చేశారు. మేము వేరే సంస్థ వాళ్లం, అంతకు ముందు ఏడాదే ఎయిరిండియాలో కలిసిపోయి మా గొడవల్లో మేం ఉన్నాం. అయినా భోజనాల వేళ వాళ్ల దగ్గరికి పోయి కూర్చునేవాళ్లం. మార్చి 14న సోనియా గాంధీ శంషాబాద్ ప్రారంభించింది. బెంగళూరు హెచ్‌ఏఎల్ విమానాశ్రయం రెండు నెలలకు అదే దారి పట్టింది.

ఆ ఆఖరి రాత్రి మెట్ల బండ్లు, ట్రాక్టర్లు, సామాను ట్రాలీలు వరసగా లారీలెక్కి ఊరికి అడ్డంగా శంషాబాద్ పోయాయి. ఎప్పుడూ విమానం పక్కన తప్ప చూడని ఆ నిచ్చెన బండి మెహిదీపట్నం రోడ్డు మీద పోతుంటే జనం ఆగి చూశారు. అర్ధరాత్రి దాటాక ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన లుఫ్తాన్సా కొత్త రన్‌వే మీద దిగింది. హెచ్‌వైడీ అన్న కోడు కూడా ఆ రాత్రే శంషాబాద్‌కు పోయింది, బేగంపేటకు బీపీఎం అన్న కొత్త కోడు ఇచ్చారు. ఎన్నో ఏళ్లుగా నా చేత్తో ట్యాగుల మీద రాసిన అక్షరాలు అవి. కొత్త చోట కూడా అవే రాస్తున్నా, పెట్టె వేరే ఊరికి పంపుతున్నట్టు అనిపించింది.

మొదటి ఏడాదిన్నర దారి నరకం. మెహిదీపట్నం, అత్తాపూర్, ఆరాంఘర్ మీదుగా ఫ్లైఓవర్ పనుల మధ్య గంటలు పట్టేది. 2009 అక్టోబరులో 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే తెరిచాక కార్లున్నవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. బెంగళూరు హైవే మీద ఉండటం వల్ల కర్నూలు, కడప వాళ్లకు శంషాబాద్ నిజంగానే దగ్గరైంది, ఆ సంగతి ఒప్పుకోవాలి. దూరమైంది ఉత్తరం జిల్లాల వాళ్లకు. జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగిన జగిత్యాల మనిషి ఇప్పుడు ఊరంతా దాటాలి. వెంట ఇరవై మందిని తీసుకుపోవడం ఎవరి తరం? ఏడాది తిరిగేసరికి తేడా నాకు కౌంటరు నుంచే తెలిసింది. కుర్రాడు ఒక్కడే వస్తున్నాడు, లేదా బావమరిది తోడొచ్చి పార్కింగ్ డబ్బులు పెరుగుతాయని దింపేసి పోతున్నాడు. దండలు లేవు. కార్డు నింపమని తల్లులు అడగడం లేదు, తల్లులు రావడం లేదు కనక.

వచ్చేది ఇంకొక వేళ. గల్ఫ్‌లో చనిపోయిన మనిషి పెట్టె కార్గోలో వచ్చినప్పుడు. అప్పుడు మాత్రం ఎంత దూరమైనా ఊరి నుంచి జీపు కట్టుకుని వస్తారు. కార్గో గేటు బయట ఆ ఆడవాళ్లు కూర్చోవడానికి నేల తప్ప ఏమీ ఉండేది కాదు.

బేగంపేట పూర్తిగా చచ్చిపోలేదు. వైమానిక దళం ఉంది, శిక్షణలున్నాయి, ప్రధానమంత్రి వస్తే ఇప్పటికీ అక్కడే దిగుతాడు, రెండేళ్లకోసారి విమానాల ప్రదర్శన జరుగుతుంది. 2010 మార్చి 3న ఆ ప్రదర్శనలో నౌకాదళం విమానం బోయినపల్లి ఇళ్ల మధ్య కూలి పైలట్లు ఇద్దరూ పోయారు. అంతకు ముందు ఏడాది సెప్టెంబరు 2 ఉదయం ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లాకు హెలికాప్టర్ ఎక్కింది బేగంపేట నుంచే. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర ఆ ప్రయాణం ముగిసిపోయింది. ఆ రోజు శంషాబాద్‌లో డ్యూటీలో ఉన్న మా పాత బేగంపేట వాళ్లందరం ఒకరికొకరం ఫోన్లు చేసుకుంటూనే ఉన్నాం, అక్కడి టవర్‌లో మనవాళ్లెవరున్నారని.

150 కిలోమీటర్ల నిబంధన వల్ల ఎక్కువ నష్టపోయింది వరంగల్. మామునూరులో నిజాం కాలం నాటి విమాన మైదానం ఉంది, ఆజం జాహీ మిల్లున్న ఊరికి అది అప్పట్లో అవసరమైంది. 1981లో మూతపడింది. మళ్లీ తెరుద్దామన్నప్పుడల్లా ఆ షరతు అడ్డం వచ్చేది. 2024 నవంబరులో జీఎమ్మార్ అభ్యంతరం లేదంది, 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. అది తెరిచి, ఎప్పటికైనా అక్కడి నుంచి గల్ఫ్‌కు విమానం ఎగిరితే కరీంనగర్ వాళ్లకు జూబ్లీ బస్ స్టేషన్ కూడా దాటనక్కర్లేదు.

మామునూరు టెర్మినల్ నక్షా గీసేవాళ్లను నేను అడిగేది ఇది. లోపల గ్రానైటు ఎంత పరుస్తారో మీ ఇష్టం. తలుపు బయట మాత్రం రెండు వందల మంది రాత్రంతా ఉండగలిగేటంత పెద్ద షెడ్డు వేయండి. మంచినీళ్ల కుళాయిలు పెట్టండి, ఆడవాళ్లకు మరుగుదొడ్లు కట్టండి, చంటిపిల్లకు ఊయల కట్టుకునేందుకు నాలుగు బలమైన స్తంభాలు ఉంచండి. లోపలికి పోయే మనిషి సెక్యూరిటీ దాటేదాకా బయటివాళ్లకు కనిపించేలా ఒక పొడుగాటి అద్దం పెట్టండి. కార్గో గేటు దగ్గర కూడా కప్పు, బెంచీలు వేయండి. కాయితాలు నింపిపెట్టే మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి, తెలుగు వచ్చిన మనిషిని.